పాత సంచికలా, కొత్త చందానా? అచ్చు పత్రిక ఎంచుకునేవారికి

ఇంట్లో ఒక అచ్చు పత్రిక ఉండాలన్న కోరిక ఈమధ్య చాలామంది నోట వింటున్నాను. కొందరికి చిన్నప్పటి చందమామలు సంపాదించి అలమరలో పెట్టుకోవాలని ఉంటుంది. కొందరికి పిల్లల చేతిలోంచి ఫోను తీసి వేరే ఏదైనా పెట్టాలని ఉంటుంది. మంచి కథ చదివి చాలాకాలమైందని, ఏ పత్రికకు చందా కట్టాలో తేల్చుకోలేక ఆగిపోయినవాళ్ళూ ఉన్నారు. ఈ ముగ్గురికీ ఒకే సలహా పనికిరాదు. అందుకే ఒక్కో దారినీ పక్కపక్కన పెట్టి, దేనికి ఎంత శ్రమ పడాలి, చివరికి చేతికి ఏం దక్కుతుంది అన్నది చూద్దాం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. డబ్బూ తీరికా ఒక్కదానికే సరిపోతే, ఇవాళ నడుస్తున్న ఒక చిన్న మాసపత్రికకు ఏడాది చందా కట్టండి. పాతవాటిని ముందు స్కాన్లలోనో లైబ్రరీలోనో చదవండి. దగ్గర ఉండి తీరాలనిపించిన సంచికలు మాత్రమే కొనండి. 1955 నాటి సంచిక మీరు కొన్నా కొనకపోయినా ఎప్పుడో అచ్చయిపోయింది. ఇప్పుడు నడుస్తున్న పత్రిక వచ్చే నెల రావాలంటే మాత్రం చందాదారులు కావాలి.

ఈ మాట ఊరికే అనడం లేదు. చందమామ 1998లో ఒకసారి ఆగి, మరుసటి ఏడాది మళ్ళీ మొదలై, ఆ తర్వాత చేతులు మారి, 2012–13 నాటికి పూర్తిగా ఆగిపోయింది. ఇండియా టుడే తెలుగు ఎడిషన్ 2015లో మూతపడింది. 1978 నుంచి వచ్చిన విపుల, చతుర 2020 లాక్‌డౌన్‌తో అచ్చు ఆగి, కొన్నాళ్ళు ఇంటర్నెట్‌లో మాత్రమే కనిపించి, 2021లో అదీ లేకుండా పోయాయి. నెలకో పూర్తి నవల ఇచ్చిన చతుర, ఇతర భాషల కథలను తెలుగులో ఇచ్చిన విపుల ఆగాక, అలాంటి పని అంత నిలకడగా చేసే అచ్చు పత్రిక మళ్ళీ రాలేదు. ఆగిపోయాక బాధపడినవాళ్ళు చాలామంది. ఆగే నాటికి వాళ్ళలో ఎందరు చందాదారులుగా ఉన్నారన్నది వేరే ప్రశ్న.

ముందు మీకేం కావాలో తేల్చుకోండి

ఫోనులో కావలసినంత చదువు దొరుకుతుండగా కాగితం ఎందుకని అడిగితే నా దగ్గర రెండు జవాబులున్నాయి. సంచికకు చివరి పేజీ ఉంటుంది. అట్ట నుంచి అట్ట దాకా చదివాక అయిపోతుంది, మళ్ళీ నెల దాకా ఆగాలి. రెండోది, మీరు వెతకనిది కూడా ఎదురవుతుంది. కథ కోసం తెరిచినవాళ్ళు పక్క పేజీలో శాసనాల మీద వ్యాసం చూసి అక్కడే కాసేపు ఆగిపోతారు. ఆ వ్యాసాన్ని ఆ కథ పక్కన పెట్టింది ఒక మనిషి, ఆలోచించి పెట్టిన మనిషి.

ఆ మనిషి ఎంత ముఖ్యమో చందమామను చూస్తే తెలుస్తుంది. చక్రపాణి, నాగిరెడ్డి కలిసి 1947 జులైలో మద్రాసు నుంచి దాన్ని తెలుగులోనూ తమిళంలోనూ మొదలుపెట్టారు. కొడవటిగంటి కుటుంబరావు 1952లో వచ్చి, 1980లో పోయేదాకా తెలుగు చందమామ పని చూశారు. ఎవరెవరో రాసి పంపిన కథలు ఆయన చెయ్యి పడ్డాక ఒకే రకం తెలుగులోకి వచ్చేవి. చిన్న వాక్యాలు, అందరికీ తెలిసిన మాటలు, అక్కర్లేని విశేషణం ఒక్కటీ ఉండదు. ఆ పేజీ పదేళ్ళ పిల్లాడికీ అర్థమయ్యేది, తాతగారికీ విసుగు పుట్టించేది కాదు. ఏ పత్రికకైనా చందా కట్టే ముందు దాని పేరు, వయసు కన్నా ఇప్పుడు సంపాదకులెవరు, వారి ఎంపిక మీకు నచ్చుతోందా అన్నది చూడండి. పెద్ద పేరున్న పత్రిక సంపాదకులు మారి చప్పబడిపోవడం తెలుగులో కొత్తేమీ కాదు.

వారపత్రికా, మాసపత్రికా?

ఇంట్లో నలుగురూ తలా కాసేపు తిరగేసేది కావాలంటే వారపత్రిక. కూర్చుని చదివేది కావాలంటే మాసపత్రిక. చాలామందికి ఈ ఒక్క తేడాతోనే సగం ప్రశ్న తీరిపోతుంది.

ఒకప్పుడు వారపత్రికల బలం సీరియల్. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి, ఆంధ్రభూమి వీక్లీలు వచ్చే రోజున బస్టాండు బడ్డీకొట్టు దగ్గర జనం ఉండేవారు. కొనుక్కోలేనివాళ్ళు అద్దె పుస్తకాల షాపులో రోజుకింత అని ఇచ్చి తెచ్చుకునేవారు. టీవీ వచ్చాక సీరియల్ అనే మాటే అటు వెళ్ళిపోయింది. ఇవాళ బడ్డీకొట్టులో తేలిగ్గా కనిపించేది స్వాతి సపరివార పత్రిక. 1984లో విజయవాడ నుంచి మొదలైన ఈ వారపత్రికలో కథలు, సీరియళ్ళు, జాతకాలు, వంటలు, ప్రశ్నలు–జవాబులు అన్నీ కలిసి ఉంటాయి. అందులో పెద్దల కోసం రాసే శీర్షికలు కూడా ఉంటాయి కాబట్టి, పిల్లలు తిరగేసే ఇల్లయితే ఒక సంచిక మీరు ముందు చూసి నిర్ణయించుకోండి. దానికన్నా ముందే, 1970లో పుట్టిన స్వాతి మాసపత్రికలో సంచికతో పాటు ఒక అనుబంధ నవల వస్తుంది. ప్రయాణాల్లో చదివే అలవాటున్నవాళ్ళకు, నవల ఇష్టపడేవాళ్ళకు వీక్లీ కన్నా ఇదే మంచి బేరం.

దినపత్రికలతో వచ్చే ఆదివారం అనుబంధాల మాటేమిటంటారా? ఈనాడు, ఆంధ్రజ్యోతి, సాక్షి అనుబంధాల్లో మంచి కథలు పడుతూనే ఉన్నాయి. అవి ఇంటికి వచ్చేస్తున్నప్పుడు వారపత్రికకు విడిగా డబ్బు పెట్టక్కర్లేదు అన్నది న్యాయమైన లెక్కే. ఒక్క ఇబ్బంది ఉంది. ఆదివారం పుస్తకం సోమవారానికి పాత పేపర్ల దొంతరలోకి చేరిపోతుంది, నెలాఖరుకు తూకానికి వెళ్ళిపోతుంది. నచ్చిన కథను ఆ రోజే కత్తిరించి ఫైల్లో పెట్టుకోగలిగితే అనుబంధం చాలు. ఆ ఓపిక లేకపోతే మాసపత్రికకు వెళ్ళండి.

చిన్న పత్రికలు: అసలు ఎంపిక ఇక్కడే

నా మనసు ఎక్కువ ఉన్నది వీటి మీద. బడ్డీకొట్లో కనిపించవు, రంగుల అట్టలుండవు, ప్రకటనలు దాదాపు ఉండవు. ఒకరో ఇద్దరో మనుషులు, ఒక టేబులు, చందాదారుల జాబితా ఒకటి. అయినా తెలుగులో గట్టి వ్యాసం, తొందరపడకుండా రాసిన సమీక్ష, కొత్త కవి మొదటి పద్యం చూడాలంటే ఇక్కడికే రావాలి.

వీటిలో ఏది అన్నది మీ రుచిని బట్టి ఉంటుంది. సాహిత్యంతో పాటు చరిత్ర, తత్వం, చిత్రకళ, సంగీతం కూడా కావాలనుకునేవారికి నేను మొదట చెప్పేది మిసిమి. ఆలపాటి రవీంద్రనాథ్ 1990లో మొదలుపెట్టిన మాసపత్రిక ఇది. ఆయన పోయాక కూడా ఆగకుండా నడిచింది. ఒక్కో వ్యాసం పొడుగ్గా ఉంటుంది, సగం చదివి రేపటికి వదిలేయాల్సి వస్తుంది. తీరిక తక్కువున్నవాళ్ళకు అది భారం అనిపించవచ్చు. నాకైతే తెలుగులో అంత జాగా ఇచ్చి రాయనిచ్చే చోటు అరుదు కాబట్టి అదే ఇష్టం.

కథలు, కవిత్వం, పుస్తక సమీక్షలు ప్రధానంగా కావాలంటే హైదరాబాద్ నుంచి వచ్చే పాలపిట్ట, విజయవాడ నుంచి వచ్చే సాహిత్య ప్రస్థానం చూడండి. రాజకీయ నిబద్ధత ఉన్న సాహిత్యం చదివేవారికి విరసం (విప్లవ రచయితల సంఘం) పత్రిక అరుణతార 1977 నుంచి ఉంది. వీటిలో ప్రతి పత్రికకూ ఒక చూపు, ఒక పక్షం ఉంటాయి. అది లోపమని నేననుకోను. మీ అభిప్రాయాలకు దగ్గరగా ఉన్నది ఒకటి, దూరంగా ఉన్నది ఒకటి కలిపి తెప్పించుకుంటే చదువు బాగా సాగుతుంది.

ఆధ్యాత్మిక పత్రికల్లో తిరుమల తిరుపతి దేవస్థానం వారి సప్తగిరి, రామకృష్ణ మఠం వారి శ్రీ రామకృష్ణ ప్రభ నిలకడగా వచ్చేవి. వెనక సంస్థ ఉంది కాబట్టి సంచిక ఆగిపోతుందన్న బెంగ లేదు, చందా కూడా తేలికే. ఇంట్లో పెద్దవాళ్ళకు కానుకగా ఏదైనా ఇవ్వాలనుకుంటే ఏడాది చందా కట్టి వాళ్ళ పేరు మీదే పోస్టులో వచ్చేలా చేయండి. తన పేరు రాసి ఉన్న కవరు నెలనెలా రావడం వాళ్ళకు ఎంత సంతోషమో చూస్తారు.

చందా కట్టే ముందు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. మొదట విడి సంచిక ఒకటి కొనండి. హైదరాబాద్ కాచిగూడలో నవోదయ బుక్ హౌస్, ఊరూరా ఉన్న విశాలాంధ్ర, ప్రజాశక్తి పుస్తకాల షాపుల్లో చిన్న పత్రికలు దొరుకుతుంటాయి. సంచిక చేతికి వచ్చాక నేరుగా కథల్లోకి వెళ్ళకుండా ఆఖరి పేజీ కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఆ నాలుగు వరుసలు చూడండి. ప్రింటరు, పబ్లిషరు, సంపాదకుల పేర్లు, ప్రెస్సు చిరునామా అక్కడ ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు అక్కడో అట్ట మీదో ఉంటుంది. ఆ నంబరు ఇచ్చే పాత ఆర్.ఎన్.ఐ. ఆఫీసు పేరు, పద్ధతి 2023 చట్టంతో మారాయి గానీ పాత నంబర్లు అట్టల మీద ఇంకా కనిపిస్తుంటాయి. తర్వాత ఉత్తరాల పేజీ చదవండి. పాఠకులు కిందటి నెల వ్యాసంతో తగువు పడుతున్నారా, లేక 'సంచిక బాగుంది, అభినందనలు' అనే నాలుగు ముక్కలే ఉన్నాయా? మొదటి రకం అయితే ఆ పత్రిక బతికి ఉందని అర్థం.

సంచిక మీద నెల కూడా చూడండి. మార్చి సంచిక మే నెలలో షాపుకొస్తోందంటే, లేదా రెండు నెలలు కలిపి ఒకే సంచికగా వేస్తున్నారంటే, డబ్బు ఇబ్బంది ఉన్నట్టు. అలాంటి పత్రిక వద్దనను, కొన్ని గొప్ప పత్రికలు మొదటి నుంచీ అలాగే నడిచాయి. తెలిసి కట్టండి, అంతే.

ఎన్నేళ్ళకు కట్టాలి? ఒక్క ఏడాదికే. రెండేళ్ళ, అయిదేళ్ళ చందాలో మిగిలేది కొద్దిగానే. జీవిత చందా సంగతి వేరు. చిన్న పత్రికల వాళ్ళు అది అడిగేది ఎక్కువగా ప్రెస్సు బిల్లు కట్టుకోవడానికి. ఇవ్వాలనిపిస్తే తప్పకుండా ఇవ్వండి, కానీ విరాళం అనుకుని ఇవ్వండి. నాలుగేళ్ళకు పత్రిక ఆగితే నా డబ్బు పోయిందన్న బాధ ఉండదు.

పోస్టు విషయంలో ఓపిక పట్టాలి. రిజిస్టరైన పత్రికలకు తపాలా శాఖ చార్జీ తక్కువ తీసుకుంటుంది, బదులుగా నెలలో నిర్ణయించిన తేదీల్లోనే పోస్టు చేయాలని షరతు పెడుతుంది. ఆ పోస్టుకు ట్రాకింగ్ ఉండదు. కాబట్టి మీ పత్రిక ఏ తేదీన పోస్టవుతుందో అడిగి తెలుసుకుని, ఆ తర్వాత పది రోజులకూ రాకపోతే సంపాదకులకు మెసేజ్ పెట్టండి. చాలామంది మళ్ళీ ఒక కాపీ పంపుతారు. చిరునామాలో పిన్‌కోడు, ఫోన్ నంబరు తప్పకుండా ఉండాలి. అపార్టుమెంటులో ఉత్తరాల డబ్బా తాళం లేకుండా ఉంటే ఆఫీసు చిరునామా ఇవ్వడం మేలు. ఇల్లు మారినప్పుడు గ్యాసుకూ బ్యాంకుకూ చెప్పినట్టే పత్రికకూ చెప్పండి. చందా ఉండీ సంచిక అందకపోవడానికి పాత చిరునామానే చాలాసార్లు కారణం.

పిల్లల కోసం

ఇక్కడ పెద్దవాళ్ళు ఎక్కువగా తమ చిన్నతనాన్ని కొంటారు. పాత చందమామ తెచ్చి చేతిలో పెడితే ఈనాటి పిల్లలు చదువుతారా? చదవడం వచ్చిన పిల్లలు చదువుతారు. బేతాళుణ్ణి భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మను శంకర్ వేశారు. ఆ ఒక్క బొమ్మ చాలు, కథ ఏమిటని అడగడానికి. ఇబ్బంది ఎక్కడంటే, ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలకు తెలుగు పేజీ నిండా అక్షరాలు చూస్తే భయం. అలాంటివాళ్ళకు ముందు మీరే చదివి వినిపించాలి. రోజుకొక కథ చదివితే నెల తిరిగేసరికి పుస్తకం వాళ్ళే లాక్కుంటారు.

ఇప్పుడు వస్తున్నవాటిలో సైన్స్ ఇష్టమున్న పిల్లలకు జనవిజ్ఞాన వేదిక వారి చెకుముకి మంచి ఎంపిక. స్కూలు పాఠాలకు దగ్గరగా ఉంటుంది, ధర తక్కువ, ఇంట్లో ఉన్న వస్తువులతో చేసే ప్రయోగాలుంటాయి. బొమ్మల కథలు, ఇంగ్లీషు కావాలంటే 1980లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన టింకిల్ ఉంది. తెలుగు రావడం మీ ఉద్దేశమైతే మాత్రం టింకిల్ ఆ పని చేయదు. ఆరు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు పాత చందమామ, ఆపైన చెకుముకి అన్నది నా సలహా. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే చందా ఒక్కరి పేరు మీద కట్టకండి, పత్రిక ఎవరిదన్న గొడవ నెలనెలా తప్పదు.

పాత పత్రికలు: ఏవి, ఏ రూపంలో?

పాతవి కొనాలనుకునేవారు ముందు ఏ పత్రిక అన్నది, తర్వాత ఏ రూపం అన్నది విడివిడిగా ఆలోచించాలి.

పరిశోధన, భాషా సాహిత్య చరిత్ర మీద ఆసక్తి ఉంటే భారతి. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో పెట్టిన ఈ మాసపత్రిక 1991 దాకా వచ్చింది. శాసనాల దగ్గర నుంచి కొత్త కవిత్వం దాకా తెలుగువాళ్ళు ఆరున్నర దశాబ్దాల పాటు ఏమేం వాదించుకున్నారో అందులో ఉంది. ఆయన అమృతాంజనం అమ్మిన డబ్బుతోనే పత్రికలు నడిపారు. 1908లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆంధ్రపత్రికకు కూడా ఆ డబ్బే ఆధారం. ఒకే ఒక్క పాత పుస్తకం కొంటాను అనేవారికి ఆంధ్రపత్రిక ఉగాది సంచిక దొరికితే తీసుకోమంటాను. కవులు, పండితులు, నాయకులు అందరూ ఒకే అట్ట మధ్య కనిపిస్తారు.

కథలూ బొమ్మలూ కావాలంటే చక్రపాణి నడిపిన యువ దీపావళి సంచికలు వెతకండి. వడ్డాది పాపయ్య (వ.పా.) వేసిన రంగుల బొమ్మల కోసం వాటిని దాచుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. చందమామల్లో ఏ కాలం మంచిదంటే, యాభైల నుంచి డెబ్బైల చివరి దాకా వచ్చినవి అని చెబుతాను. లోపల చిత్రా, శంకర్ బొమ్మలు, అట్టల మీద చాలాకాలం వ.పా. సంతకం.

ఇక రూపం. పాత పత్రిక నాలుగు రకాలుగా మీ ముందుకు వస్తుంది: విడి సంచిక, బైండు వాల్యూము, వీక్లీల్లోంచి సీరియల్ పేజీలు చింపి కుట్టించిన పుస్తకం, స్కాన్.

విడి సంచిక అంటే పత్రిక పుట్టినప్పుడు ఎలా ఉందో అలా. సీసపు అక్షరాలతో అచ్చయిన పేజీని వెనక్కి తిప్పి వేలితో తడిమి చూడండి, అక్షరాల ఒత్తు తగులుతుంది. చందమామ అయితే ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీ తీయండి. రెండు ఫోటోలు, వాటికి జతగా రెండు వ్యాఖ్యలు రాసి పోస్టుకార్డు మీద పంపాలి. ఆ ఫోటోల కింద ఎవరో పెన్సిలుతో రాసి, కొట్టేసి, మళ్ళీ రాసుకున్న మాటలు కనిపిస్తే ఆ కాపీ నాకు ఇంకా విలువైనది. మచ్చ లేని కాపీ కోసం ఎక్కువ డబ్బు అడిగే వ్యాపారికి ఇది నచ్చకపోవచ్చు గానీ, చదివేవాళ్ళు కొనాల్సింది చదివిన కాపీనే.

కొనేటప్పుడు మధ్య పేజీల దగ్గర తెరవండి. రెండు పిన్నులూ తుప్పు పట్టి, వాటి చుట్టూ కాగితం గోధుమరంగుకు మారి ఉంటుంది. మధ్యలో నాలుగు పేజీలు విడిపోయి ఎక్కడో పడిపోయి ఉండడం మామూలే. పేజీ నంబర్లు వరసగా లెక్కపెట్టండి. అట్ట వేరే సంచికది అతికించారేమో, అట్ట మీద నెలా లోపలి పేజీ మీద నెలా ఒకటేనా అని చూడండి. పేజీ మూల కొంచెం వంచితే విరిగిపోతోందంటే ఆ కాగితం ఇంక ఎక్కువ కాలం ఉండదు. న్యూస్‌ప్రింట్‌లో కలప గుజ్జులోని లిగ్నిన్ మిగిలిపోవడం వల్ల వెలుతురు, గాలి తగిలి పసుపెక్కి పెళుసుబారుతుంది. దాన్ని వెనక్కి తేలేం.

బైండు వాల్యూము గట్టిగా ఉంటుంది, ఏడాది సంచికలు ఒకచోట ఉంటాయి, ధర కూడా సంచికకు లెక్కేస్తే తక్కువ పడుతుంది. కానీ పాత బైండరు లావు తగ్గించడానికి అట్టలూ ప్రకటనల పేజీలూ తీసేసేవాడు. అంచులు సమానంగా రావాలని కత్తి వేసినప్పుడు పై వరుస అక్షరాలు కూడా తెగిపోయేవి. చందమామ వాల్యూములో వ.పా. అట్టలు లేకపోతే సగం పోయినట్టే. భారతి వాల్యూములో అట్ట లేకపోయినా నష్టం తక్కువ, వ్యాసాలుంటే చాలు. కాబట్టి చందమామ విడిగా, భారతి బైండుగా కొనండి.

మూడోదాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది మన ఇళ్ళలో పుట్టిన పుస్తకం. వీక్లీలో సీరియల్ వస్తుంటే వారం వారం ఆ పేజీలు జాగ్రత్తగా చింపి, సశేషం నుంచి సమాప్తం దాకా పోగుచేసి, సూదీ దారంతో కుట్టో, బైండింగు షాపులో ఇచ్చో పుస్తకం చేసుకునేవారు. అత్తగారు కుట్టించినది కోడలు చదివేది, పక్కింటివాళ్ళు అడిగి పట్టుకెళ్ళేవారు. చాలా సీరియళ్ళు తర్వాత పుస్తకాలుగా వచ్చాయి, అయినా పత్రికలో పడ్డ బొమ్మలు ఆ పుస్తకాల్లో ఉండవు. పైగా చింపిన పేజీ వెనక వైపు ఏదో ఒక సగం కథ, ఒక సినిమా ప్రకటన, పాఠకుడి ప్రశ్నకు సంపాదకుడి జవాబు ఉంటాయి. పాత పుస్తకాల షాపుల్లో వీటికి పెద్ద ధర పెట్టరు, ఏ పత్రికలోంచి, ఏ ఏడాదిలోంచి అన్నది రాసి ఉండదు కాబట్టి. దొరికితే వదలకండి. ఒక వారం పేజీలు తప్పిపోయాయేమో మాత్రం చూసుకోండి. మీ ఇంట్లోనే అటక మీద ఇలాంటివి ఉండవచ్చు, తూకానికి వేసే ముందు ఒకసారి దింపి చూడండి.

స్కాన్లు చదవడానికి, దాచుకోవడానికి కాదు. ప్రెస్ అకాడమీ చాలా పాత తెలుగు పత్రికలను స్కాన్ చేయించి ఇంటర్నెట్‌లో పెట్టింది. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో చందమామ, భారతి సంచికలు దొరుకుతాయి. పరిశోధన చేసేవారికి ఇది వరం. ఒకప్పుడు ఒక వ్యాసం కోసం వేటపాలెం లైబ్రరీ దాకా బస్సెక్కాల్సి వచ్చేది. కంటిచూపు తగ్గినవాళ్ళు అక్షరాలు పెద్దవి చేసుకుని చదవగలరు. లోపాలూ ఉన్నాయి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం చేసిన స్కాన్లలో చాలావాటికి రంగులు లేవు, నలుపూ తెలుపే. బొమ్మల పత్రికకు అది పనికిరాదు. పేజీలు బొమ్మలుగా ఉంటాయి కాబట్టి మాట వెతికితే చాలాసార్లు దొరకదు. సైటు కొన్నాళ్ళు తెరుచుకోకపోవడమూ ఉంది, కాబట్టి కావలసిన సంచిక కనిపించిన రోజే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ఎక్కడ దొరుకుతాయి? హైదరాబాద్‌లో ఆదివారాలు ఆబిడ్స్ పేవ్‌మెంట్ల మీద, విజయవాడలో పాత పుస్తకాల దుకాణాల వరసలో. ఇంటర్నెట్‌లో అమ్మేవాళ్ళ దగ్గర కొంటే అట్ట, మధ్య పేజీ, ఆఖరి పేజీ మూడూ ఫోటో తీసి పంపమనండి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు విడిగా లేదు, స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. పోస్టు ఖర్చు ఎవరిదో ముందే మాట్లాడుకోండి, ఒకటి రెండు సంచికలకైతే అది సంచిక ధరకు దగ్గరగా వెళ్ళిపోవచ్చు. కొనకుండా చూసి రావాలంటే 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం, హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. సారస్వత నికేతనం భవనానికి 1929లో గాంధీజీ శంకుస్థాపన చేశారు. అక్కడి పత్రికల సేకరణ కోసమే దూరం నుంచి వచ్చే పరిశోధకులున్నారు.

దాచుకోవడం

విలువైన కాగితాన్ని నేల అంతస్తులో, కింది అరలో పెట్టకండి. 2000 ఆగస్టు వరదలో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకే నీళ్ళొచ్చి పుస్తకాలు తడిసిపోయాయి. ఇళ్ళలో అంతకన్నా నెమ్మదిగా అదే జరుగుతుంది, గోడ చెమ్మ వల్ల. గోడకు ఆనకుండా బీరువా, సంచికలు పడుకోబెట్టి, దొంతరకు పది పన్నెండు మించకుండా పెట్టండి. తుప్పు పట్టిన పిన్నులు మెల్లగా తీసేసి దారంతో కుట్టించండి. చిరిగిన చోట సెల్లోటేపు అంటించవద్దు, కొన్నేళ్ళకు జిగురు పసుపు మచ్చగా మిగిలి అక్షరాలు కనిపించవు. కలరా ఉండలు గుడ్డలో మూటకట్టి అర మూలన పెట్టవచ్చు, కాగితానికి నేరుగా తగలకూడదు. ఏడాదికి రెండుసార్లు పేజీలు విప్పి గాలి తగలనివ్వండి, ఎండలో మాత్రం పెట్టకండి. చెదలు ఒక్కసారి కనిపిస్తే ఆ బీరువా మొత్తం దింపాల్సిందే.

విదేశాల్లో ఉన్నవాళ్ళకు

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి నెలనెలా పోస్టులో తెప్పించుకుంటే పోస్టు ఖర్చు చందాను దాటిపోతుంది. నాకు తెలిసినవాళ్ళు చేసేది ఇది: చందా ఇండియాలో అమ్మానాన్నల చిరునామాకు కడతారు. వాళ్ళు ముందు చదువుతారు. వేసవిలో ఎవరో ఒకరు వచ్చినప్పుడు ఆ ఏడాది సంచికలన్నీ సూట్‌కేసులో వెళ్తాయి. ఆలస్యమైనా పన్నెండూ కలిపి చదివితే పత్రిక రుచి ఇంకా బాగా తెలుస్తుంది. ఆగలేనివాళ్ళకు 1998 నుంచి ఇంటర్నెట్‌లో వస్తున్న ఈమాట ఉంది, దాని పాత సంచికలు కూడా తెరిచే ఉంటాయి. కొన్ని అచ్చు పత్రికలు చందాదారులకు పీడీఎఫ్ కూడా పంపుతాయి, అడగాలి. పీడీఎఫ్ వస్తోంది కదా అని అచ్చు చందా మానకండి. చిన్న పత్రిక ప్రెస్సుకు కట్టే డబ్బు ఆ చందాలోంచే వస్తుంది. మీ అమ్మగారి ఇంటికి నెలనెలా ఒక కవరూ వెళ్తుంది.